సూర్యుడు ఎల్‌సీ ఇవ్వడు

ఆరాంఘర్ చౌరస్తా నుంచి మంఖాల్ దాకా ఏ ఇంటి మీద సోలార్ ప్యానెల్ కనబడినా అది నేను బిగించిందేనని చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. శంషాబాద్‌లో దిగే పైలట్లు నా ప్యానెళ్ళ మెరుపు చూసే రన్‌వే ఎటుందో పోల్చుకుంటారని ఒక పెళ్ళి భోజనాల దగ్గర కూడా చెప్పాను. పక్కన కూర్చున్నాయన విమానాశ్రయంలోనే ఉద్యోగమట. ఆ సంగతి చేతులు కడుక్కునేటప్పుడు తెలిసింది. పాపం ఆయన, నేను చెబుతుండగానే వడ్డించేవాణ్ణి పిలిచి నా విస్తట్లో ఇంకో లడ్డూ వేయించాడు, నోరు మూతపడుతుందనేమో.

నిజానికి నేను బిగించిన ఇళ్ళు తక్కువే. వాటిలోనూ కొన్నిటి మీద కోతులు ఎక్కి వైర్లు పీకేశాయి. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక సోలార్ పని పట్టుకున్నాను. ఇప్పుడు మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు కాబట్టి దాన్నీ వదిలేశాను. ఐటీఐ చదివి, ఫోన్లో వీడియోలు చూసి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు దారిలో కనబడితే "తాతా, ఏమన్న చెప్పు" అంటున్నారు. చెబుతాను. ప్రమోషన్ల సంగతి మాత్రం అడగొద్దు. నాకు వచ్చింది ఒక్కటే, అదీ అందరికీ వచ్చిన రోజునే వచ్చింది.

నా పని ఏమిటని ఎవరైనా సూటిగా అడిగితే, భయపడటం అని చెప్పాలి. స్తంభం మీద భయపడ్డాను, డాబాల మీద భయపడ్డాను. ధైర్యవంతుడినని చెప్పిన కథలన్నీ కింద దిగాక అల్లినవి.

పెంటయ్య సారు జేబు

నాకు పని నేర్పింది పెంటయ్య సారు, మా లైన్ ఇన్‌స్పెక్టర్. లైన్ ముట్టుకునే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, ఆ లైన్‌లో కరెంటు ఆపించుకుని, "ఆపాం, పని చేసుకోండి" అన్న మాట తీసుకోవాలి. దాన్నే లైన్ క్లియర్, ఎల్‌సీ అంటాం. ఎవరు తీసుకున్నారో వాళ్ళే పనయ్యాక తిరిగి ఇవ్వాలి. మధ్యలో ముఖ్యమంత్రి ఫోన్ చేసినా సరే కరెంటు వదలకూడదు.

చిన్న లైన్లయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకితే చాలు. పెంటయ్య సారు పీకిన ఫ్యూజులను ప్యాంటు జేబుల్లో కుక్కుకుని స్తంభం ఎక్కేవాడు. ఆ బరువుకి ప్యాంటు జారుతుంటే ఒక చేత్తో పైకి లాక్కుంటూ ఎక్కడం చూస్తే నవ్వొచ్చేది.

"సార్, ఆ డబ్బాకు తాళమేస్తే అయిపోతది గదా?" అన్నాను ఒకసారి.

"తాళంచెవి ఇంకొకని దగ్గర గూడ ఉండొచ్చు బిడ్డా. నా జేబుల చెయ్యి పెట్టే మొగోడు ఇంకా పుట్టలే. మా ఇంటామె గూడ పెట్టదు."

ఆయనంత జాగ్రత్తపరుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కాని ఒక మాట చెప్పక తప్పదు. ఆయన బుర్రలో కరెంటు వచ్చే దిక్కు ఒక్కటే. అది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్ళకు వస్తుంది. ఆ దిక్కు మూసేస్తే తీగ చచ్చినట్టే లెక్క. ఆయన రోజుల్లో అది నిజమే. అదే నాకు నేర్పాడు. అదే నేను నా కింద పనిచేసిన యాదగిరికి నేర్పాను.

పగలంతా బతికుండే వస్తువు

సోలార్ పనిలోకి దిగిన కొత్తలో అత్తాపూర్‌లో ఒక డాబా మీద, మిట్టమధ్యాహ్నం, కరెంటు పారుతుండగానే ప్యానెళ్ళ వైరు జాయింటు లాగేశాను. లైన్‌మన్ అలవాటు. కింద మెయిన్ దించేశాను కదా అనుకున్నాను. ప్యానెళ్ళు బ్యాటరీని నింపుతూనే ఉన్నాయని మరిచాను. జాయింటు విడిపోయిన చోట నీలం మంట లేచింది. అది నా మోచేతి పొడుగు ఉందని చాలామందికి చెప్పాను. అంత లేదు. వేలంత ఉంది. కాని మన ఇంటి కరెంటు మెరుపులాగా చిటుక్కుమని ఆరిపోలేదు. నేను వైరు దూరం జరిపితే అదీ సాగింది. సన్నగా ఒక కూత కూడా పెట్టింది. ప్లాస్టిక్ కరిగి నా చెప్పు మీద పడింది. ఆ కూత ఇప్పటికీ కుక్కర్ విజిల్‌లో వినబడి ఉలిక్కిపడతాను.

ఆ రోజు అర్థమైంది. కింద మెయిన్ దించితే ఇల్లు ఆరుతుంది, ప్యానెల్ ఆరదు. వెలుతురు పడినంతసేపూ దానిలో కరెంటు ఉంటుంది. ఎవరికి ఫోన్ చేసి ఆపమంటావు? సూర్యుడి దగ్గర ఎల్‌సీ దొరకదు. అప్పటి నుంచి డాబా ఎక్కితే భుజాన మందపాటి నల్ల దుప్పటి ఉండాల్సిందే. ప్యానెళ్ళ మీద కప్పి, మీటరు పెట్టి చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టేవాణ్ణి. ఎండాకాలంలో దుప్పటి మోసుకుపోతుంటే జనం జ్వరమా అని అడిగేవాళ్ళు. అవునని చెప్పేవాణ్ణి.

ఖాజా చేసిన ప్యానెల్

ఇక అసలు సంగతికి వస్తాను.

శంషాబాద్ దాటాక, మంఖాల్ వెళ్ళే దిక్కు, పొలాల మధ్య ఒంటరిగా ఒక ఇల్లు. అందులో ఖాజా, అతని భార్య షహనాజ్ ఉంటారు. ఖాజా ఫ్రిజ్‌లు బాగు చేస్తాడు. ఇంట్లోనే సోలార్ ప్యానెళ్ళు తయారు చేశానని, వచ్చి చూడమని నన్ను పిలిచాడు. తప్పులు పట్టి, టీ తాగి, నాలుగు గొప్పలు చెప్పుకుని వద్దామని వెళ్ళాను.

వెళ్ళి చూస్తే తప్పు పట్టడం అంత తేలిక కాలేదు. ఫ్యాక్టరీవాళ్ళు పక్కన పడేసిన సెల్స్ తెచ్చుకున్నాడు. అవి అప్పడం కంటే పలచన. గట్టిగా ఊపిరి వదిలితే విరిగేలా ఉంటాయి. ఒకదాని ముందువైపు నుంచి ఇంకోదాని వెనకవైపుకు సన్నని రేకు తీగలతో టంకం పెట్టాడు. వాటిని కిటికీ అద్దం మీద పరిచి, ప్లాస్టిక్ పొర వేసి, ఇస్త్రీపెట్టెతో అంటించాడు.

"ఇస్త్రీపెట్టె నాది చాచా. ఇప్పుడు నా దుపట్టాలకు అన్నిటికీ ప్లాస్టిక్ అంటుకుంటది," అంది షహనాజ్.

"కొత్తది కొనిస్త అన్న గదా!"

"రంజాన్‌కు అన్నడు చాచా. ఏ రంజాన్‌కో చెప్పలే."

ఇంట్లో ప్యానెల్ చేసుకోవడం మంచిదేనా అని మీరు అడుగుతారు కాబట్టి ఇక్కడే చెబుతాను. నేర్చుకోవడానికి చాలా మంచిది. ఒక్క ప్యానెల్ చేతితో చేస్తే ఎన్ని పుస్తకాలు చదివినా రానిది వస్తుంది. ఒక బల్బుకో, మేకల కొట్టంలో చిన్న ఫ్యానుకో వాడుకోండి. కాని దాన్నే నమ్ముకుని ఏళ్ళ తరబడి కప్పు మీద ఉంచకండి. అంచుల్లోంచి తడి దూరుతుంది. టంకం సరిగా పడని చోట వేడెక్కి మాడుతుంది. ఖాజా ప్యానెళ్ళలో ఒకదాని మీద అప్పటికే గోధుమరంగు మచ్చ ఉంది. వేలు పెట్టి చూపించాను. అతని మొహం వాడిపోయింది.

ప్యానెళ్ళ నుంచి లారీ బ్యాటరీకి, బ్యాటరీ నుంచి ఒక ఇన్వర్టర్ డబ్బాకు కలిపాడు. అంతవరకూ పర్వాలేదు. ఆ డబ్బా నుంచి ఇంటికి కరెంటు ఇచ్చే పద్ధతే ప్రమాదం. రెండు కొసలకూ ప్లగ్గు మేకులే ఉన్న ఒక వైరు చేసుకున్నాడు. ఒక కొస ఇన్వర్టర్‌లో, రెండో కొస గోడకున్న సాకెట్‌లో. సాకెట్‌లో నుంచి కరెంటు వెనక్కి ఎక్కి ఇల్లంతా పారుతుంది. మెయిన్ దించకపోతే ఇంట్లో ఆగదు, స్తంభం మీది తీగకు ఎక్కుతుంది.

"ఇది తప్పు ఖాజా. చాలా పెద్ద తప్పు," అన్నాను.

"నాకు ఎరుక లేదానన్నా? కరెంటు పోయినప్పుడల్ల ముందుగాల్ల నేను మెయిన్ దించుత. దించి అరుస్త. అప్పుడే షహనాజ్ ప్లగ్గు పెడతది. ఒక్కసారి గూడ తప్పలే."

అది ఆ ఇంటి ఆచారం. అతని అరుపు వినబడితే మెయిన్ దిగిందని ఆమెకు గుర్తు. బాగానే ఉందనిపించింది. ఆ వైరు అక్కడే కోసి పారేయమని చెప్పాల్సింది. ముందు డాబా మీద ప్యానెళ్ళు చూద్దాం పద, దీని సంగతి దిగాక చెబుతానన్నాను.

స్తంభం మీద బల్బు

ఆ పొద్దున గాలికి నీలగిరి కొమ్మ విరిగి పడి, ఖాజా ఇంటికి వచ్చే లైన్‌లో ఒక తీగ తెగింది. తెగిన కొస పొలం గట్టున పాతిన రాతి కడీ మీద వేలాడుతోంది. అందుకని ఇంట్లో కరెంటు లేదు. నేను వచ్చాక చూపిద్దామని ఖాజా ఇన్వర్టర్ కూడా పెట్టలేదట.

డాబా మీద ఎండ చురుక్కుమంటోంది. నేను ఊరికే ఉండక, "మచ్చలు పడ్డ ప్లేట్లు. ఇవి ఫ్యాన్ గూడ తిప్పుతయా?" అన్నాను.

ఖాజాకు రోషం వచ్చింది. పిట్టగోడ మీదికి వంగి కిందికి అరిచాడు. "షహనాజ్! ఫ్యాన్ ఎయ్, అన్న చూస్తడంట!"

కింద ఫ్యాను తిరిగిన చప్పుడు వినబడింది. ఖాజా ఛాతీ ఉబ్బించి నా వైపు చూశాడు. నేనూ మెచ్చుకున్నాను. అక్కడ జరిగిందేమిటో మా ఇద్దరికీ తట్టలేదు.

అప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బండి ఆగింది. యాదగిరి. నా చేతికింద పని నేర్చినవాడు. ఇప్పుడు ఆ ప్రాంతానికి లైన్‌మన్. ఫ్యూజులు పీకి జేబుల్లో పెట్టుకున్నాడు. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. పెంటయ్య సారు జేబు నా ద్వారా వీడి దాకా వచ్చిందని ఖాజాకు చెప్పాను కూడా. యాదగిరి తెగిన చోటికి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ వైపు తీగకు గొలుసు వేసి, భూమికి కలిపాడు. అంతా పద్ధతిగా చేశాడు. ఇంటివైపు కొసకు మాత్రం ఏమీ వేయలేదు. ఎందుకు వేస్తాడు? అటు ఉన్నది ఒక్క ఇల్లు. ఇంట్లోంచి కరెంటు రావడం నేను నేర్పిన పాఠంలో లేదు. వేలాడుతున్న కొసకు కర్రతో దూరం నుంచే తాడు ఉచ్చు బిగించి, తాడు పట్టుకుని స్తంభం ఎక్కాడు. నడుముకు బెల్టు వేసుకుని తీగను పైకి లాగడం మొదలుపెట్టాడు.

నా చూపు ఊరికే అలా ఇటు తిరిగింది. ఖాజా ఇంటి గేటు ముందున్న చివరి స్తంభం మీద ఒక వీధి బల్బు ఉంది. స్విచ్చు లేకుండా నేరుగా తీగకే తగిలించింది. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి దానికేసి ఎవరూ చూడరు.

అది వెలుగుతోంది.

ఎండలో పసుపుపచ్చగా, కనబడీ కనబడనట్టు వెలుగుతోంది. తీగ తెగింది. ఫ్యూజులు యాదగిరి జేబులో ఉన్నాయి. బల్బు వెలుగుతోంది.

"మెయిన్ దించినవా?" అని ఖాజాను అడిగాను.

"ఎప్పుడు? నేను ఈడనే ఉన్న గదన్నా నీతోని..." అంటూనే ఆగిపోయాడు. అతని అరుపు విని ఆమె ప్లగ్గు పెట్టేసింది. ఆచారం ప్రకారం ఆమె తప్పేమీ చేయలేదు.

"యాదగిరీ! ముట్టకు!" అని అరిచాను.

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. చక్రాలు దించుకుని, మా తలల మీదుగా, రన్‌వే దిక్కు. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళం, ఆ చప్పుడు వచ్చినప్పుడు మాటలు ఆపి, పోయాక మళ్ళీ మొదలుపెడతాం. ఆ రోజు అది పోదేమో అనిపించింది. గొంతు చిరిగేలా అరిచాను. రెండు చేతులూ ఊపాను. యాదగిరి నన్ను చూశాడు. నవ్వాడు. పాత గురువు పలకరిస్తున్నాడనుకుని తాడు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నాకేసి ఊపాడు. మళ్ళీ తాడు లాగడంలో పడ్డాడు.

చపాతీ కర్ర

ఇక్కడి నుంచి ఈ కథ నేను చాలా రకాలుగా చెప్పాను. డాబా మీది నుంచి దూకానని చెప్పాను. ఒట్టి చేత్తో వైరు తెంపానని చెప్పాను. ముంజేతి మీది వాపు చూపించి ఇది ఆ షాకేనని చెప్పాను. మా ఇంటావిడ ఇప్పటికీ అదే నమ్ముతోంది. ఇది చదివితే తెలుస్తుంది, ఏం చేస్తాం.

జరిగింది ఇది. ఖాజా స్తంభం దిక్కు పరుగెత్తాడు. నేను మెట్లు దిగి గదిలోకి వచ్చాను. మెయిన్ హ్యాండిల్ పైకే ఉంది. ఇన్వర్టర్ డబ్బా మీద చెయ్యి వేశాను. అంతే, అక్కడే నిలబడిపోయాను. ఏ వైరు పీకాలి? గోడలోది పీకితే బయటికొచ్చే మేకుల్లో కరెంటు ఉంటుంది. పీకి పక్కన పడేస్తే సరిపోతుందని చిన్నపిల్లవాడికైనా తెలుసు. హ్యాండిల్ దించినా సరిపోతుంది. జీవితమంతా చేసిన పని అది. చెయ్యి రాలేదు. కాళ్ళు రాలేదు. పైన యాదగిరి చేతి వేళ్ళు ఆ కొసకు ఎంత దూరంలో ఉన్నాయో అదొక్కటే కళ్ళముందు కనబడుతోంది.

పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్న షహనాజ్ ఇటు తిరిగింది. డబ్బా మీద చెయ్యి. తెరిచిన నోరు. గుడ్లు బయటికి. నన్ను కరెంటు పట్టేసిందనుకుంది.

"యా అల్లా! చాచా!"

చేతిలోని చపాతీ కర్ర కొసతో ఇన్వర్టర్ బటన్ కొట్టింది. ఆ వెంటనే అదే కర్రతో నా ముంజేతి మీద ఒక్కటి వేసింది. ఎముక కదిలింది. చెయ్యి డబ్బా మీది నుంచి ఊడి వచ్చింది. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది.

"బచ్ గయే చాచా, బచ్ గయే," అంటూ నా మొహాన నీళ్ళు చల్లింది. ఆమె నన్ను కాపాడాననుకుంటోంది. కాపాడింది ఎవరినో ఆమెకు తెలియదు.

బయటికి వచ్చాను. గేటు ముందు బల్బు ఆరిపోయి ఉంది. స్తంభం మీద యాదగిరి బతికే ఉన్నాడు. తీగ కొస అతని ఛాతీ దగ్గరికి వచ్చింది. తాడు బెల్టుకు చుట్టి, రెండు చేతులూ దానికేసి చాపుతున్నాడు.

విమానం పోయింది. ఖాజా స్తంభం మొదట్లో నిలబడి చెప్పులు పైకి విసురుతున్నాడు.

"అరె, ఏందివయా, చెప్పులెందుకు కొడుతున్నవ్?" అంటున్నాడు యాదగిరి.

"దిగు," అన్నాను నేను. ఈసారి అరవలేదు. "ఏది ముట్టకు. దిగు."

యాదగిరి ఫోన్

ఇంట్లోకి తీసుకొచ్చి ఆ రెండు ప్లగ్గుల వైరు చూపించాం. యాదగిరి దాన్ని చేత్తో తాకలేదు. వంగి చాలాసేపు చూశాడు. తర్వాత గుమ్మంలోంచి స్తంభాన్ని చూశాడు. మళ్ళీ వైరును చూశాడు. ఖాజా ఏడుస్తూ అతని మోకాళ్ళు పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్ అన్నా. కొట్టు. పోలీసులకు చెప్పు. ఏమన్న చెయ్."

యాదగిరి తిట్టలేదు. "జర నీళ్ళియ్యి అక్కా," అన్నాడు షహనాజ్‌తో. గ్లాసు నోటి దాకా పోలేదు. నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి. పైన ఉన్నప్పుడు లేని భయం కింద పట్టుకుంది.

నేను ఆ వైరు ముక్కలు ముక్కలుగా కోశాను. బ్యాటరీ తీగలు విప్పాను. మెయిన్ దించాను. ఇంటివైపు తీగకు కూడా గొలుసు వేశాం. ఇక ఏ దిక్కు నుంచీ కరెంటు వచ్చే దారి లేదు. యాదగిరి స్తంభం దగ్గరికి వెళ్ళాడు. బెల్టు కట్టుకున్నాడు. ఒక కాలు పైన పెట్టాడు. రెండో కాలు నేల వదల్లేదు. కాసేపు అలాగే ఉండి, దిగి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. అతని ఆఫీసరు ఏఈ సారు. స్పీకర్ పెట్టకపోయినా మాటలు బయటికి వినబడుతున్నాయి.

"ఒక్క తీగ కలపనీకి ఎంతసేపయ్యా? ఏం చేస్తున్నవ్ ఆడ?"

నా నోట్లో అబద్ధం తయారుగా ఉంది. ఎండదెబ్బ తగిలింది, కళ్ళు తిరిగాయి. మా రోజుల్లో అదే చెప్పేవాళ్ళం. నిచ్చెన విరిగిందనో, తాడు తెగిందనో చెప్పేవాళ్ళం. ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపాను. యాదగిరి ఇవ్వలేదు.

"భయమైతుంది సార్," అన్నాడు.

"ఏంది?"

"భయమైతుంది. ఇయ్యాల ఎక్క. రేపు పొద్దుగాల ఇంకో మనిషిని దోలుండ్రి, ఇద్దరం కలిసి ఎక్కుతం."

నా సర్వీసంతటిలో ఒక లైన్‌మన్ ఆఫీసరుతో ఆ మాట అనగా వినలేదు. నేనైతే ఒక్కనాడూ అనలేదు. తిట్లు వస్తాయని చూశాం. ఫోన్ పెట్టేసిన చప్పుడు వచ్చింది. అంతే.

ఆ సాయంత్రం ఖాజా, యాదగిరి, నేను ముగ్గురం ఆ తీగ దగ్గరే కూర్చున్నాం. గొర్రెలు తోలుకొచ్చే ఒకాయన, బండి మీద ఒక జంట, పాల క్యాన్లతో ఒక ముసలాయన అటుగా వచ్చారు. తీగలో కరెంటు లేదని మా ముగ్గురికీ తెలుసు. మా చేతులతోనే చంపాం దాన్ని. అయినా మనిషి కనబడినప్పుడల్లా ముగ్గురం ఒకేసారి లేచి, చేతులు చాపి, చుట్టూ తిరిగి పొమ్మన్నాం.